షోకేసులో రాములవ్వ

భానుప్రకాశ్‌కు తల్లిదండ్రులు పెట్టిన పేరు పేరయ్య. జనగామ దగ్గరి పల్లెలో పదో తరగతి పరీక్షకు పేర్లు పంపేటప్పుడు, "ఈ పేరుతోని పట్నంల నౌకరీ ఎట్ల చేస్తవురా?" అని హెడ్మాస్టరు నవ్వాడు. ఆయన నవ్వితే క్లాసంతా నవ్వింది. ఆయనే కాసేపు ఆలోచించి కొత్త పేరు రాసి పంపాడు. ఆ పేరు అతనికి బాగా అచ్చొచ్చింది. యూనివర్సిటీ లైబ్రరీలో పుస్తకాలిచ్చే కౌంటర్ దగ్గర ఉద్యోగం దొరికేనాటికి, పుట్టినప్పటి నుంచీ తను భానుప్రకాశేనన్నట్టు ఆ పేరులో ఇమిడిపోయాడు. ఇస్త్రీ చొక్కా, పక్కపాపిడి, విద్యార్థులతో మాట్లాడితే మధ్యమధ్య ఇంగ్లీషు. నల్లకుంటలో గాజుల దుకాణం వాళ్ళమ్మాయి వాసంతిని చేసుకుని, తార్నాకలో ఒక గల్లీలో రెండు గదుల కిరాయి ఇంట్లో కాపురం పెట్టాడు.

తండ్రి పోయాక తల్లి రాములవ్వను తెచ్చి దగ్గరే ఉంచుకున్నాడు. తల్లిని సరిగా చూడడని అతన్ని ఎవరూ వేలెత్తి చూపలేరు. మోకాళ్ళ నొప్పులకు మందులు తెచ్చేవాడు. చలి మొదలైతే అడక్కుండానే దుప్పటి కొనేవాడు. కాని లైబ్రరీ నుంచి ఎవరైనా ఇంటికొస్తే మాత్రం, వాళ్ళు గడప దాటకముందే, "అమ్మా, లోపట పాప ఏడుస్తున్నట్టున్నది చూడు" అనేవాడు. నెలల కూతురు నిద్రలో ఉన్నా అదే మాట. రాములవ్వ లేచి లోపలికి వెళ్ళేది. వచ్చినవాళ్ళు ఛాయ్ తాగి వెళ్ళేదాకా వంటింట్లోనే కూచునేది.

ఆమె గోచి పెట్టి ముతక చీర కట్టేది. కాళ్ళకు వెండి కడియాలు. నుదుటి మీద, గడ్డం మీద, మోచేతుల నుంచి మణికట్ల దాకా పచ్చబొట్లు. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ వాటిని ప్రత్యేకంగా చూసిన గుర్తే లేదు భానుప్రకాశ్‌కు. ఇక్కడికొచ్చాక, బస్సులో ఎదురు సీటు వాళ్ళు ఆ చేతుల వంక చూస్తుంటే అతనూ చూడడం మొదలుపెట్టాడు.

తొంభై నాలుగులో పాప మొదటి పుట్టినరోజుకు ఇంటిల్లిపాదీ ఫోటో దిగాలనుకున్నారు. చౌరస్తా నుంచి క్యాంపస్ వైపు వెళ్ళే దారిలో వెంకటేశం అనే ఆయన స్టూడియో ఉండేది. విద్యార్థుల పాస్‌పోర్టు సైజు ఫోటోలతో నడిచే చిన్న దుకాణం. కాలంతో పాటు పోవాలని ఆయన ఆ ఏడే ఫోటో వెనక వేలాడదీసే కొత్త పరదాలు తెప్పించాడు. ఒకదాని మీద జలపాతం, ఒకదాని మీద మంచుకొండలు, ఇంకోదాని మీద పాలరాతి మెట్ల బంగళా.

భానుప్రకాశ్ ఆ ఫోటో కోసమే ఆబిడ్స్ వెళ్ళి, ఆకుపచ్చ మీద పసుపు రంగు పెద్దపెద్ద పూల చొక్కా కొనుక్కొచ్చాడు. వాసంతి చెమ్కీల చీర కట్టింది. అతను పరదాలన్నీ చూసి జలపాతం కావాలన్నాడు.

"ఒక్కమాట చెప్త సార్, ఏమనుకోకుండ్రి," అన్నాడు వెంకటేశం. "ఉత్త గోడ ముంగట కూసోండ్రి. బట్టలు కూడ రోజూ కట్టుకునేటియే మంచిగుంటయి. గీ జలపాతం రెండేండ్లకు పాతగైతది. ఇరవై ఏండ్లకు చూసుకున్నా బాగుండాలె గద ఫోటో."

"గోడ ముందట మా నాయిన కాలంల దిగిండ్రు. ఇప్పుడెవలు దిగుతున్నరు?"

"దిగుతలేరు. అందుకే నేను పరదాలు తెచ్చిన," అని వెంకటేశం నవ్వి, జలపాతాన్ని కిందికి లాగాడు.

అప్పుడు భానుప్రకాశ్ తల్లి వైపు తిరిగాడు. ఆమె ఉన్నవాటిలో మంచి చీరే కట్టుకొచ్చింది, గోచి పెట్టే.

"అమ్మా, కుచ్చిళ్ళు పెట్టి కట్టుకోరాదు? వాసంతి కడ్తది."

"గట్ల కడితే కాళ్ళకు అడ్డం పడ్తది బిడ్డా. నాకు నడవరాదు," అని నవ్విందామె.

"సరే. ముందుగాల మేం ముగ్గురం దిగుతం. నువ్వు తర్వాత దిగుదువు."

రాములవ్వ వెళ్ళి పక్కనున్న కిటికీ కింద బల్ల మీద కూచుంది. గొడుగు లైట్లు వెలిగాయి. పాపను నవ్వించడానికి వెంకటేశం గిలక్కాయ ఊపాడు, పిల్లిలా అరిచాడు. నిలబడి, కూచుని, పాపను ఎత్తుకుని, చాలా ఫోటోలు దిగారు. ఆఖరికి పాప ఏడుపు అందుకుంది. "ఇంక చాలు, అలసిపోయింది. అమ్మతోని మళ్ళొకసారి దిగుదాం," అన్నాడు భానుప్రకాశ్. వెంకటేశానికే చెప్పాడు. తల్లి వైపు చూడలేదు.

"నాకెందుకు బిడ్డా. మీరు దిగితే నేను దిగినట్టే," అంది రాములవ్వ బల్ల మీద నుంచే.

పాపకు పాలు పట్టడానికి వాసంతి లోపలికి వెళ్ళింది. భానుప్రకాశ్ అద్దం ముందు నిలబడి తల దువ్వుకుంటున్నాడు. వెంకటేశం పాస్‌పోర్టు ఫోటోలకు వాడే పాత కెమెరా తీసి, "అవ్వా, గట్లనే కూసో. కదలకు," అన్నాడు.

"నన్నానయ్యా?"

"నిన్నే."

లైట్లు వెలిగించలేదు. ఆమె మనవరాలి ఏడుపు తగ్గిందా అని లోపలి గది వైపు చూస్తోంది. ఆయన ఒక్కటే తీశాడు.

వారం తర్వాత ఫోటోలు తెచ్చుకోవడానికి వెళ్తే, వెంకటేశం ముందు ఆ బ్లాక్ అండ్ వైట్ ఫోటోనే చేతికిచ్చాడు. "బాగొచ్చింది సార్. పెద్దగ చేసి షోకేసుల పెట్టుకుంట. మీకేమన్న అభ్యంతరమా?"

భానుప్రకాశ్ కళ్ళు అప్పటికే జలపాతం ముందున్న తన మీద ఉన్నాయి. "పెట్టుకోండ్రి," అన్నాడు. తల్లికి ఒక కాపీ ఇమ్మని అడగాలన్న ఆలోచనే రాలేదు.

కొన్నాళ్ళకు లైబ్రరీకి నడిచి వెళ్తుంటే, స్టూడియో ముందు ఇద్దరు విద్యార్థులు ఆగి ఉన్నారు. వాళ్ళు దేన్ని చూస్తున్నారా అని అతనూ చూశాడు. షోకేసులో పెళ్ళిజంటల మధ్య, అందరికన్నా పెద్దగా, తల్లి కూచుని ఉంది. కిటికీ వెలుగు ముఖానికి ఒక పక్కన పడింది. చేతులు ఒకదాని మీద ఒకటి ఒళ్ళో ఉన్నాయి. మణికట్టు మీది చుక్కలు, గీతలు అన్నీ లెక్కపెట్టుకోవచ్చు. వెనక గోడ తప్ప ఏమీ లేదు. అది నిన్న తీసిన ఫోటోనో ముప్ఫై ఏళ్ళ కింద తీసిందో ఎవరూ చెప్పలేరు.

"ఎంత బాగుందిరా! అచ్చం ఇట్లనే దిగుదాం," అన్నాడు ఒక విద్యార్థి.

ఆ క్షణంలో భానుప్రకాశ్‌కు కలగవలసింది సంతోషం. కలిగింది మాత్రం భయం. ఈ పిల్లలు రోజూ తన కౌంటర్‌కు వస్తారు. మర్నాటి నుంచి అతను రోడ్డు దాటి అవతలి పక్కన నడవసాగాడు.

లైబ్రరీలో అతని పై అధికారి స్వరూప మేడం. మాట మెత్తన, పని గట్టి. ఒకరోజు కౌంటర్ దగ్గరికొచ్చి, "తార్నాకల స్టూడియో ముందు ఒక పెద్దామె ఫోటో ఉన్నది, చూశిండ్రా? నేను వచ్చేటప్పుడు రోజూ ఆగుతున్న. ఎవరై ఉంటరు?" అంది.

పక్కన మరో ఇద్దరు ఉద్యోగులున్నారు. భానుప్రకాశ్ చేతిలోని పుస్తకానికి ముద్ర వేస్తూ, "ఎవరో కూలికి పొయ్యే మనిషి అనుకుంట మేడం," అన్నాడు.

అన్నాక కూడా చేయి ఆగలేదు. తర్వాతి పుస్తకానికీ ముద్ర వేశాడు. ఆ మధ్యాహ్నం మాత్రం వాసంతి కట్టిచ్చిన టిఫిన్ తెరవబుద్ధి కాలేదు.

అక్కడితో పోయినా బాగుండేది. పది రోజుల తర్వాత మేడం అతన్ని పిలిచింది. పల్లె జీవితం మీద పుస్తకాలు, ఫోటోలు కలిపి లైబ్రరీ హాల్లో ప్రదర్శన పెడుతున్నారట. "ఆ ఫోటో మొదట్లనే పెడదాం. మీరు రోజూ ఆ దారినే పోతరు గద, స్టూడియో ఆయన్ని అడిగి తీసుకొస్తరా? ఆమె పేరు, ఊరు కూడ కనుక్కోండి."

అప్పుడు చెప్పొచ్చు. ఆ గదిలో వాళ్ళిద్దరే ఉన్నారు. చెబితే మొదట ఆడిన అబద్ధం కూడా ఒప్పుకోవాలి. "అడుగుత మేడం," అని వచ్చేశాడు.

సాయంత్రం స్టూడియోకు వెళ్ళాడు. మెట్లెక్కేదాకా ఏం చెప్పాలో అతనికే తెలియదు. లోపలికి వెళ్ళాక మాట దానంతటదే వచ్చింది.

"ఆ ఫోటో తీసెయ్యండ్రి. అమ్మకు సిగ్గయితున్నదట, రోడ్డు మీద అందరు చూస్తున్నరని."

వెంకటేశం ముఖం చిన్నబోయింది. "అయ్యో, అవ్వనే అడుగకపోతిని. తప్పయింది సార్, తప్పయిందని చెప్పుండ్రి," అంటూ అప్పుడే షోకేసు తెరిచాడు. మర్నాడు స్వరూప మేడంతో, "ఇయ్యడట మేడం," అని చెప్పాడు భానుప్రకాశ్. ఆమె కాసేపు బాధపడి వేరే ఫోటో వెతుక్కుంది.

అతనికి తెలియని సంగతి ఒకటుంది. పక్క పోర్షన్‌లో ఉండే కృపారాణి లాలాగూడలో ఒక నర్సింగ్ హోములో ఆయా. ఆమెకు గురువారం సెలవు. ఆ రోజు మధ్యాహ్నం ఆమె, రాములవ్వ కలిసి కూరగాయలకు వెళ్ళేవాళ్ళు. వెంకటేశం భోజనానికి వెళ్ళే వేళ అది. షట్టర్ సగం దించి ఉండేది. ఇద్దరూ షోకేసు ముందు నిలబడి చూసుకుని, నవ్వుకుని వచ్చేవాళ్ళు. "పెద్దమ్మా, దొరసాని తీరుగ కూసున్నవు," అనేది కృపారాణి. "నడువ్ నడువ్, ఎవలన్న ఇంటరు," అంటూనే రాములవ్వ ఇంకో నిమిషం నిలబడేది. ఈ ముచ్చట ఇంట్లో చెప్పలేదు. ఈ వయసులో తన ఫోటో తను చూసుకోవడానికి వెళ్తున్నానంటే కొడుకు నవ్వుతాడనుకుంది.

ఆ గురువారం వెళ్ళేసరికి అక్కడ వేరే ఎవరిదో పెళ్ళి ఫోటో ఉంది. రాములవ్వ వెనక్కి తిరిగింది. కృపారాణి ఊరుకోలేదు. వెంకటేశం వచ్చేదాకా మెట్ల మీద కూచుని, రాగానే ఫోటో ఏమైందని అడిగింది. ఆయన తెల్లబోయాడు. "వాళ్ళ కొడుకే వచ్చి చెప్పిండమ్మా, అవ్వకు సిగ్గయితున్నదని."

ఆ సాయంత్రం భానుప్రకాశ్ అన్నానికి కూచున్నాడు. తల్లే వడ్డించింది. రెండు ముద్దలు తిన్నాక అడిగింది.

"నాకు సిగ్గయితున్నదని చెప్పినవట."

అతను అన్నం కలుపుతూనే ఉన్నాడు.

"నాకేం సిగ్గు లేకుండె బిడ్డా. వారంవారం పోయి చూసుకుంటుంటి." ఇంకో గరిటె కూర వేసి, "నీకయితే నీకయితున్నదని చెప్పాలె. నా మీదెందుకు పెట్టినవు?" అంది.

గొంతు పెంచలేదు. చారు కావాలా అని అడిగి, జవాబు రాకపోతే గిన్నె పక్కన పెట్టి లోపలికి వెళ్ళింది. కంచంలో అన్నం ఎండిపోయేదాకా అతను అట్లాగే కూచున్నాడు.

తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. నాలుగు రోజులు మాట్లాడకపోయినా తట్టుకునేవాడు. రాములవ్వ అవేవీ చేయలేదు. మర్నాడు కోడలిని పిలిచి, కుచ్చిళ్ళు పెట్టి చీర కట్టడం నేర్పమంది. తర్వాత మణికట్ల దాకా చేతులున్న రవికలు కుట్టించుకుంది.

"అత్తమ్మకు ఏమైందండీ? ఈ ఎండల పొడుగు చేతుల రవికలేంది?" అని వాసంతి అడిగితే అతను జరిగిందంతా చెప్పాడు. "ఫోటో దిగిననాడు నేనన్న పిలిస్తే అయిపోతుండె, మా పక్కన వచ్చి నిలబడుమని. నేను కూడ పిలువలేదు," అందామె.

ఆ ఆదివారం రాములవ్వ కంసాలి దగ్గరికి వెళ్ళి కాళ్ళ కడియాలు తీయించుకొచ్చింది. పెళ్ళినాడు పెట్టినవి. బిగుసుకుపోతే కోయవలసి వచ్చిందట. అవి ఉన్నచోట కాలి చుట్టూ తెల్లగా, లేత చర్మం. భానుప్రకాశ్ ఆ కాళ్ళు చూసి, "ఎందుకమ్మా?" అన్నాడు.

"నాకు ఇన్నొద్దులు తెల్వకుండె బిడ్డా, చూసేటోళ్ళకు నేనెట్ల కనబడ్తనో. ఇప్పుడు తెలిసింది. మీ లైబ్రరీ సార్లు వస్తుంటరు, నా వల్ల నీకు తలవంపులెందుకు?"

సోమవారం లైబ్రరీ తెరవగానే అతను స్వరూప మేడం గదికి వెళ్ళలేదు. ఆమె కౌంటర్ దగ్గరికి వచ్చేదాకా ఆగాడు. అందరూ ఉన్నప్పుడే, "మేడం, స్టూడియోల ఆ ఫోటో మా అమ్మది," అన్నాడు. "కూలి మనిషని అబద్ధం చెప్పిన. ఆయన ఫోటో ఇయ్యనన్నడన్నది కూడ అబద్ధమే. నేనే తీసేయించిన."

మేడం అతన్నే చూసింది. మందలిస్తుందనుకున్నాడు. లేదా, పోనీలెండి, ఇప్పటికైనా చెప్పారు అంటుందేమోనని లోపల ఎక్కడో ఆశ కూడా ఉంది. ఆమె రెండూ చేయలేదు. చూడవలసిన కాగితాలు చూసి, సంతకం చేసి వెళ్ళిపోయింది. పక్కనున్న ఉద్యోగి, "మీ అమ్మనా? అవునా?" అని తన పనిలో పడ్డాడు. ఇన్నాళ్ళూ ఎవరికి తెలుస్తుందోనని వణికాడో వాళ్ళకు అది రెండు నిమిషాల సంగతి కూడా కాదు.

సాయంత్రం వెంకటేశం దగ్గరికి వెళ్ళి అదే మాట ఒప్పుకున్నాడు. ఫోటో మళ్ళీ పెట్టమని అడిగాడు.

"ఫోటో ఉన్నది సార్. కని ఈసారి అవ్వ వచ్చి పెట్టుమంటేనే పెడత. ఒకసారి అడుగక తప్పు చేసిన."

ఇంటికొచ్చి తల్లిని అడిగితే, "వద్దు," అంది. బతిమాలితే, "నువ్వు పెట్టుమన్నవని పెట్టించుకుంటే నాకేం సంబురం బిడ్డా?" అంది. ఇంక అడగలేకపోయాడు.

తొంభై ఆరులో జలపాతం ఫోటో చూసి వాసంతి తమ్ముళ్ళు పగలబడి నవ్వారు. ఆ చొక్కా ఏంది బావా, ఆ నీళ్ళేంది అన్నారు. భానుప్రకాశ్ కూడా నవ్వి దాన్ని గోడ మీద నుంచి దించేశాడు. అందరినీ మళ్ళీ స్టూడియోకు తీసుకెళ్ళాడు. ఈసారి పరదా వద్దన్నాడు. రోజూ లైబ్రరీకి వేసుకునే తెల్ల చొక్కాతోనే వెళ్ళాడు. కిటికీ పక్కన గోడ ముందు తల్లిని మధ్యలో కూచోబెట్టి, తను వెనక నిలబడ్డాడు.

రాములవ్వ కుచ్చిళ్ళు సరిచేసుకుంది. రవిక చేతులు మణికట్ల మీదికి లాక్కుంది. వీపు నిటారుగా పెట్టి, కెమెరా వైపు చూసి, మళ్ళీ వెనక్కి తిరిగి కొడుకును అడిగింది.

"మంచిగ కూసున్ననా?"

"మంచిగ కూసున్నవమ్మా," అన్నాడు. వెంకటేశం కెమెరా వెనక తల వంచుకుని, కావలసినదానికన్నా ఎక్కువసేపు ఏదో సర్దుతూ ఉండిపోయాడు.

ఫోటో బాగానే వచ్చింది. చూసినవాళ్ళు, ఎప్పటికీ పాతబడని ఫోటో అన్నారు. భానుప్రకాశ్‌కు మాత్రం అందులో తల్లి కనిపించదు. కొడుకుకు తలవంపులు రాకుండా జాగ్రత్తపడుతున్న ఒక పెద్దావిడ కనిపిస్తుంది. ఆ రోజు స్టూడియో నుంచి వెళ్ళేటప్పుడు వెంకటేశం పాత ఫోటోను కాగితంలో చుట్టి రాములవ్వ చేతికిచ్చాడు. ఆమె దాన్ని తన ట్రంకు పెట్టెలో బట్టల అడుగున పెట్టుకుంది. గోడకు పెడదామంటే ఒప్పుకోలేదు.

ఆ తర్వాతి ఎండాకాలం ఒక మధ్యాహ్నం అతను తొందరగా ఇంటికొచ్చాడు. కరెంటు లేదు. రాములవ్వ వాకిట్లో కృపారాణితో కలిసి మామిడికాయ ముక్కలు తుడుస్తోంది. రవిక చేతులు మోచేతుల పైదాకా మడిచి ఉన్నాయి. ఏదో మాట మీద ఇద్దరూ గట్టిగా నవ్వుతున్నారు. గేటు చప్పుడైంది. తల్లి అతన్ని చూసింది. నవ్వు ఆపకుండానే, తడి చేతులతోనే, రవిక చేతులు రెండూ కిందికి లాక్కుంది.

భానుప్రకాశ్ లోపలికి వెళ్ళలేకపోయాడు. చెప్పులు విడిచి ఆమె పక్కన నేల మీద కూచుని, ఒక గుడ్డ తీసుకుని ముక్కలు తుడవసాగాడు. కృపారాణి కాసేపు చూసి, పనుందని లేచి వెళ్ళింది.

"అమ్మా, ఆ పచ్చబొట్లు ఎవరు పొడిచిండ్రు?"

ఎందుకడుగుతున్నాడో అని రాములవ్వ అతని ముఖం చూసింది. తర్వాత మెల్లగా చెప్పింది. జాతరకు వచ్చిన ఒక ముసలామె పొడిచిందట. ఏడుస్తుంటే అక్క చేతులు పట్టుకుందట. "గీడ తేలు. గీడ తులసికోట. గిది మా అక్క పేరు," అంటూ రవిక బట్ట మీద నుంచే వేలితో ఒక్కొక్క చోటూ చూపించింది.

"ఒకసారి చూపియ్యవా?"

"ఇంకోనాడు చూద్దువు తియ్యి," అని ఆమె మామిడికాయల గంప అతని ముందుకు జరిపింది.